ఎండయు ఎముకయు



రాజవొమ్మంగి యనగానే మీలో పలువురకు 1922 ఆగస్టు 24వ తేదీ జ్ఞప్తికి రావచ్చును. నాడు అల్లూరి సీతారామరాజు తన దండుతో వచ్చి యీ యూరి పోలీసుఠాణాను ముట్టడించెను. నేను చెప్పబోవునది ఆ వీరగాథ కాదు. మిక్కిలి చిన్న సంగతి. ఆ కొండలపై దినదినము నుదయించు సూర్యునిగూర్చియు, మా యింటి ఆడపిల్ల యెముకలగూర్చియు నాలుగు మాటలు చెప్పెదను.

నేను ఆ ప్రాంతమున బడిపంతులుగా నుండి విశ్రాంతి తీసికొన్నవాడను. మా అమ్మ తన జీవితమంతయు ఎండలోనే గడపినది. జీడిపిక్కలేరుట, చింతపండు చాపలపై నెండబెట్టుట, చోడిచేలో కలుపుతీయుట, అన్నియు ఆరుబయటి పనులే. ఎనుబదియేండ్ల వయస్సున గూడ ఆమె నడుము వంగలేదు. ఆమె మనుమరాలు, అనగా నా కూతురు, హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నది. చీకటితో లేచి బస్సెక్కును. అద్దాల మేడలో దినమంతయు దీపపు వెలుతురున పని చేయును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఇల్లు చేరును. ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగుమెట్లు రెండెక్కి, తొడలు పట్టుకొని కూర్చుండిపోయినది. ముప్పదియేండ్లు నిండని పిల్ల! వాతమని యొకరు, అలసటయని యొకరు, దిష్టియని మా వదినె. తైలములతోనే కొన్ని నెలలు గడచిపోయినవి. తుదకు రక్తపరీక్ష చేయించగా విటమిను డి మిక్కిలి తక్కువగా నున్నదని తేలినది.

"ఇంత యెండల దేశములో ఎండకు కరవా?" యని నేను వైద్యునితో వాదమునకు దిగితిని. ఆయన నవ్వి, "మాస్టారూ, ఎండ దేశమునకున్నది, మీ అమ్మాయి చర్మమునకు లేదు" అనెను. ఆ మాటయే నాచేత పుస్తకములు తిరుగవేయించినది.

మన చర్మములో కొలెస్టరాలునకు దగ్గరి చుట్టమైన పదార్థమొకటి కలదు. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు దానిపై బడినప్పుడు అది విటమిను డిగా మారును. అది కాలేయమునకును, పిమ్మట మూత్రపిండములకును పోయి పదునెక్కి, మనము తిన్న యాహారములోని కాల్షియమును ప్రేగులు గ్రహించునట్లు చేయును. అది లేనిచో పసిపిల్లలకు దొడ్డికాళ్లు వచ్చును. పెద్దల యెముకలు మెత్తబడి నొప్పిపెట్టును. తొడకండరములు సత్తువ దప్పి మెట్లెక్కనీయవు.

పొగ కమ్మిన యూరోపు పట్టణములలో ఈ పిల్లలవ్యాధి విశేషముగా నుండెడిది. 1822లోనే పోలెండు వైద్యుడు స్నియాదెక్కి, వార్సా నగరపు పిల్లలకు వచ్చు నీ రోగము పల్లెపిల్లలకు అరుదని కనిపెట్టి, ఎండయే మందనెను. 1919లో బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ యను వైద్యుడు పాదరసదీపపు కాంతిని రోగి యొక చేతిపై మాత్రమే పడనిచ్చెను. రెండవ చేతి యెముకలు గూడ బాగుపడెను! చర్మమున బుట్టిన మందు రక్తముతో నొడలంతయు తిరుగునని దానివలన తెలియవచ్చినది. మన తిరుపతి ప్రాంతమున జరిగిన పరిశోధనలలో, పొలముపని చేయు పల్లెవారికి పట్టణవాసులకంటె ఈ విటమిను మెరుగుగా నున్నట్లు తేలినది.

ఇక మన పెద్దలు మెచ్చు లేతయెండ మాట. నిద్రకును మెలకువకును క్రమము గలిగించుటకు ఉదయపు వెలుతురు మంచిదే. కాని అప్పుడు సూర్యుడు వాలుగా నుండుటచే, ఈ కిరణములు గాలిపొరలలోనే చాలవరకు అణగిపోవును. దీనికొక సులభమైన కొలత గలదు: మీ నీడ మీకంటె పొట్టిగా నున్నప్పుడే చర్మము ఈ పని బాగుగా చేయును. మా కొండలలో వేసవియందు తొమ్మిదింటికే నీడ పొట్టిదగును; పుష్యమాసమున ఇంచుమించు పదిన్నర మొదలు ఒంటిగంటన్నరవరకే. ముఖమును, చేతులును, కాళ్లును తెరచి కొలదిసేపు నిలిచిన చాలును. నల్లని చర్మమునకు మరికొంతసేపు కావలెను. కిటికీ అద్దము ఈ కిరణములను రానీయదు గనుక అద్దము వెనుక కూర్చున్న ఫలములేదు. చర్మము కమలువరకు నిలుచుటయు, రోహిణికార్తె మధ్యాహ్నమున వడదెబ్బ తెచ్చుకొనుటయు వైద్యము కావు, అవివేకము.

కొండప్రాంతమువారికి ఈ భయమే లేదని తలపరాదు. వానకారు మబ్బు నెలలతరబడి విడువదు. బాలింతను చీకటిగదిలో నుంచుట మా యిండ్లలోను కలదు. తల్లిపాలలో విటమిను డి స్వల్పము. పసికందును పట్టపగటి యెండలో నుంచరాదు. కావున ఆ వయస్సున వైద్యులిచ్చు చుక్కలే శరణ్యము. ఎండ యొక్కటియు చాలదు, కాల్షియమును కావలెను. నూరు గ్రాముల చోళ్లలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. మా అమ్మ నడుమునకు ఎండతోపాటు చోడంబలియు కారణమని నా నమ్మకము.

ఒక తప్పు ఒప్పుకొనవలెను. పరీక్షలు దగ్గరపడినప్పుడు నేను ఆటల గంట రద్దుచేసి పిల్లలను గదిలో కూర్చుండబెట్టెడివాడను. అల్లరిచేసినవారికి అదే శిక్ష. ఆరుబయటి వెలుతురున తిరుగు పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువయని తరువాత చదివి, కళ్లజోడు పెట్టుకొని నన్ను చూడవచ్చిన శిష్యునియెదుట తలవంచుకొంటిని.

నా కూతురు వైద్యుడిచ్చిన మందు వాడినది. ఇప్పుడు మధ్యాహ్నభోజనమునకు ముందు మేడపైకి పోయి నడచుచున్నదట. "నాన్నా, నా నీడ నా మోకాలిదాక కూడ లేదు" అని మొన్న ఫోనులో చెప్పినది. "అయితే ఇంక లోపలికి పో, తల్లీ" అంటిని.

సెలవు.