నీరెండ వేళ
(బరంపురము తెలుగు బాలల ఆదివారపు కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీలో పలువురికి ఇంటి పెద్దల సెల్‌ఫోను అందుబాటులో నున్నది. దానితో ఎవరైనను ఛాయాచిత్రము తీయవచ్చును. యంత్రము ఏదైనను, చిత్రమును వ్రాయునది వెలుగే. ఆ వెలుగును గూర్చి నాలుగు మాటలు చెప్పవచ్చితిమి.

మొదట మా పొరపాటును చెప్పుకొందుము. కొన్ని ఏండ్ల క్రిందట మా యింట పెండ్లి జరిగినది. మిట్టమధ్యాహ్నమున బంధువులనందరిని పెరటిలో నిలిపి చిత్రము తీసితిమి. సూర్యుడు నడినెత్తిన నుండుటచే కనుబొమల నీడ కన్నులపై పడినది. మా నాయనమ్మగారి కన్నులున్న చోట రెండు నల్లని గుంటలే కనబడినవి. మరుసటి ఏడు వారు గతించిరి. వారి చిత్రము మాకు మిగిలినది అదొక్కటే. ఆ కన్నులను మా పిల్లలకు చూపలేకున్నాము.

సాయంకాలము వరకు ఆగియున్నచో ఎంత బాగుండెడిది! ప్రొద్దు వాలినపుడు కిరణములు అడ్డముగా వచ్చి కనుబొమల క్రిందికి జొరబడును. తీక్ష్ణత తగ్గుటచే కన్నులు చిట్లింపవలసిన పనియు లేదు. ముఖమంతయు బంగారు వన్నె దాల్చును.

ఈ వన్నె ఎచ్చటిది? సూర్యకాంతిలో అన్ని రంగులును కలిసియున్నవి. గాలిలోని అణువులు నీలమును ఎక్కువగాను, ఎరుపును తక్కువగాను చెదరగొట్టును. తరువాతి కాలమున రేలీ ప్రభువుగా ప్రసిద్ధికెక్కిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ స్ట్రట్ దీనిని 1871లో గణితముతో వివరించెను. నడినెత్తి సూర్యుని కిరణము దాటివచ్చు గాలి కంటె, దిగంతమునందలి సూర్యుని కిరణము దాటవలసిన గాలి సుమారు 38 రెట్లు. అంత దూరమున నీలము చెదరిపోగా, పసుపును ఎరుపును మన కంటికి చేరును.

ఇంటిలోనే పరీక్షింపుడు. గాజు గ్లాసెడు నీటిలో నాలుగు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ఒక ప్రక్కనుండి టార్చి వేయుడు. అడ్డముగా నిలిచి చూచినచో నీరు లేత నీలముగా తోచును. టార్చికి ఎదురుగా నిలిచి చూచినచో వెలుగు పసుపుగా కనబడును.

ఛాయాచిత్రకారులు ఈ వేళను గోల్డెన్ అవర్ అందురు. అవర్ అనగా గంట. ఉత్తర దేశములలో సూర్యుడు ఏటవాలుగా దిగును గనుక ఆ వెలుగు చాలసేపు నిలుచును. మన ప్రాంతమున నిటారుగా దిగును. నిండు వన్నె నిలుచునది సుమారొక గడియ, అనగా 24 నిమిషములు. మీ నీడ మీ ఎత్తునకు ఆరింతలైనపుడు సిద్ధపడుడు. ఇక సుమారు 40 నిమిషములలో ప్రొద్దు క్రుంకును. పడమట కొండయో మేడయో ఉన్నచో ఇంకను ముందే బయలుదేరుడు. గోపాల్‌పురము తీరమున సూర్యుడు సముద్రము మీద ఉదయించును గనుక అచ్చట తెల్లవారు గడియయే మేలు.

తీయబడువారిని సూర్యునికి కొంచెము ఓరగా కూర్చుండబెట్టుడు. సెల్‌ఫోను ఒక్కొక్కప్పుడు ఆ పసుపు వన్నెను దోషముగా నెంచి తనంత తానే సరిదిద్దును. రంగులమర్చు చోట సూర్యుని గుర్తు ఉన్నచో దానిని ఎన్నుకొనుడు. సూర్యుని వంక మాత్రము తేరిపార చూడవలదు.

మన భాషలో ఈ వెలుగునకు నీరెండ యని పేరు. ఆలమందలు ధూళి రేపుచు ఇల్లు చేరు సమయమును గోధూళి వేళ యందురు. బడిలో మీరు ఒడియా చదువుచున్నారు, శ్రద్ధగా చదువుడు. ఇట్టి తెలుగు మాటలు మాత్రము మీకు ఇంటి పెద్దల నోటనే దొరకును.

కనుక నేటి సాయంకాలమే మీ తాతగారినో అమ్మమ్మగారినో అరుగుమీద కూర్చుండబెట్టి ఒక చిత్రము తీయుడు. ఆ వెలుగును వారు ఏమని పిలుతురో అడుగుడు. చిత్రము క్రింద వారి పేరును, తేదీని, వారు చెప్పిన మాటను తెలుగులో వ్రాసి వచ్చే ఆదివారము తెండు. మేమును చూడగోరుచున్నాము.