మన చిరునామా మనమే వ్రాసుకోవాలి

(మా పట్టణంలోని షాదీఖానాలో జరిగిన చిరు వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వ్యాపారిని కాను. కంప్యూటర్ నిపుణుణ్ణి అంతకన్నా కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా రిజిస్టర్లు వ్రాసి పదవీ విరమణ పొందినవాణ్ణి. ఇంటర్నెట్‌లో వెతికేవారికి మన దుకాణాలు కనిపించేలా చేయడం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు మొదట తటపటాయించాను. ఆలోచించిన మీదట ఇది కూడా ఒక రిజిస్టరు సంగతేనని అర్థమైంది. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాను.

ఉద్యోగకాలంలో నేను నేర్చుకున్న సత్యం ఒకటుంది. రిజిస్టరులో పేరు లేని మనిషి బల్ల ఎదుట నిలబడి ఉన్నా లేనివాడి కిందే లెక్క. ఓటర్ల జాబితాలో పేరు లేక, రేషన్ కార్డులో పేరు తప్పుపడి మన కుటుంబాలు ఎన్ని కార్యాలయాల మెట్లెక్కాయో మీకు తెలియనిది కాదు. ఈనాడు ప్రజలు దుకాణాన్ని వెతికేది ఫోనులో. ఆ ఫోనులో కనిపించేది కూడా ఒక రిజిస్టరే. అందులో మనం ఉన్నామా, లేమా, ఉంటే సరిగా ఉన్నామా అన్నదే ఈనాటి ప్రశ్న.

మా ఇంట జరిగిన సంగతి చెబుతాను. నా మేనల్లుడు పెళ్లి కోసం బెంగళూరు నుండి వచ్చాడు. షేర్వానీ భుజాల దగ్గర బిగుతైంది. ఫోనులో వెతికి, ఆటో కట్టించుకుని ఊరి అవతలి కొసన ఉన్న దుకాణానికి పోయి సరిచేయించుకుని వచ్చాడు. మా వీధి చివరనే వాడి తండ్రి పెళ్లి షేర్వానీ కుట్టిన దర్జీ మాస్టరు ఆ రోజంతా పని లేక కూర్చుని ఉన్నాడు. ఈ సంగతి చెబితే ఆయన, “భాయీసాబ్, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను. నన్ను వెతకడమేమిటి?” అన్నాడు. ఆ మాటలో బాధ ఉంది, పొరపాటూ ఉంది. ఆయనను వెతకనక్కరలేని వారు తగ్గిపోతున్నారు. పాతవారు వలస పోతున్నారు. కొత్తగా వచ్చి చేరుతున్న వారికి మన వీధి తెలియదు.

ఇది ఒక్క దర్జీ మాస్టరు కష్టం కాదు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, స్వయం ఉపాధిపై ఆధారపడి బ్రతికేవారి వాటా ముస్లింలలో ఎక్కువని, బ్యాంకు రుణాలు వారికి అందుతున్నది మాత్రం తక్కువని తేల్చింది. మెకానిక్కులు, వెల్డింగు పనివారు, పరుపులు కుట్టే దూదేకుల సోదరులు, పండ్ల వ్యాపారులు, బేకరీల వారు, అత్తరు అమ్మేవారు, అందరిదీ సొంత రెక్కల మీద నడిచే బ్రతుకే. ప్రకటనలకు పెట్టే సొమ్ము మన దగ్గర లేదు. అందుచేత ఉచితంగా దొరికే ఈ అవకాశాన్ని వదులుకోవడం మనకు తగదు.

అవును, ఇది ఉచితం. గూగుల్‌లో దుకాణం పేరు, చిరునామా, ఫోను, వేళలు చూపే పుటను బిజినెస్ ప్రొఫైల్ అంటారు. దానికి ఒక్క రూపాయి రుసుము లేదు. మీ దుకాణాన్ని ఎవరికి, ఎన్నో స్థానంలో చూపాలన్నది ముఖ్యంగా మూడు విషయాలను బట్టి నిర్ణయిస్తామని ఆ సంస్థే చెబుతున్నది. వెతికేవాడు అడిగిన పనికి మీ పని ఎంత సరిపోతుందన్నది మొదటిది. అతడున్న చోటికి మీరెంత దూరమన్నది రెండవది. మీకెంత పేరు, ఎంతమంది అభిప్రాయాలు ఉన్నాయన్నది మూడవది. దూరం కూడా లెక్కలోకి వస్తున్నదంటే దాని అర్థమేమిటి? మీరు మహానగరపు మాల్‌తో పోటీ పడనక్కరలేదు. మీ పేటలో టైరు పంచరై నిలబడ్డవాడికి మీరు కనిపిస్తే చాలు.

ఇక చేయవలసిన పనులు చెబుతాను.

మొదటిది పేరు. బోర్డు మీద ఏ పేరుంటే అదే వ్రాయండి. పేరు పక్కన “నగరంలో నంబర్ వన్, చౌక ధర” వంటి మాటలు తగిలించడం నిబంధనలకు విరుద్ధం. దానివల్ల పుటను నిలిపివేసే ప్రమాదం ఉంది. మన పేర్ల వర్ణక్రమం సంగతి మీకు తెలుసు. హుస్సేన్ అన్న పేరు ఇంగ్లీషులో ఆధార్‌లో ఒక ‘ఎస్’తో, బ్యాంకు పుస్తకంలో రెండు ‘ఎస్’లతో ఉంటుంది. ఒకచోట చివర ‘ఏ’ వచ్చి చేరుతుంది. దుకాణం విషయంలో ఆ తప్పు జరగనీయకండి. బోర్డు, బిల్లు పుస్తకం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పత్రం, గూగుల్, జస్ట్ డయల్, ఎక్కడైనా ఒకే పేరు, ఒకే ఫోను, ఒకే చిరునామా ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమేనని ఈ సందర్భంలోనే గుర్తు చేస్తున్నాను.

రెండవది వర్గం. మీ పని ఏమిటో చెప్పే ప్రధాన వర్గాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. ద్విచక్ర వాహనాలు బాగుచేసే సోదరుడు ఏదో ఒకటిలే అని “దుకాణం” అన్నదాన్ని ఎంచుకుంటే, రిపేరు కోసం వెతికేవాడికి అతడు కనిపించే అవకాశం తక్కువ. చేసే పనులన్నిటినీ వివరణలో తెలుగులోను, ఇంగ్లీషులోను మామూలు మాటలతో వ్రాయండి. వినియోగదారుడు ఏ మాటతో అడుగుతాడో ఆ మాటే మీ పుటలో ఉండాలి.

మూడవది వేళలు. శుక్రవారం జుమా వేళ దుకాణం మూస్తారు. రమజాన్‌లో ఇఫ్తార్‌కు మూసి, తరావీహ్ తర్వాత తెరుస్తారు. ఈ వేళలను వేరుగా నమోదు చేసే వీలుంది. తెరిచి ఉందని ఫోను చెబితే వచ్చి, తాళం చూసి వెనుదిరిగినవాడు మళ్లీ రాడు.

నాలుగవది ఫోటోలు. బోర్డుతో సహా దుకాణం ముందు భాగం, లోపలి భాగం, మీ చేతి పని, ఇవి స్వయంగా తీసినవై ఉండాలి. ఎక్కడి నుండో తెచ్చిన బొమ్మలు వద్దు.

ఇంటి నుండి పనిచేసే సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మాట. మెహందీ పెట్టడానికో, పిల్లలకు పాఠాలు చెప్పడానికో మీరే వినియోగదారుల ఇళ్లకు వెళ్లేవారైతే, లేదా చేసిన వంటకాలను ఇళ్లకు పంపేవారైతే, ఇంటి చిరునామాను బయటపెట్టనక్కరలేదు. చిరునామాను దాచి, ఏయే ప్రాంతాలలో సేవలందిస్తారో మాత్రమే చూపే ఏర్పాటు ఉంది. సొంత నంబరు కాక పనికి వేరే నంబరు పెట్టుకోవడం ఉత్తమం.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొంతకాలం క్రిందట ఒక యువకుడు వచ్చి, దుకాణాలను ఇంటర్నెట్‌లో మొదటి స్థానంలో నిలుపుతానన్నాడు. మంచి మాటకారి. అతణ్ణి మన వీధిలోని పదకొండు దుకాణాలకు వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేసినవాణ్ణి నేనే. తలా ఆరు వేలు ఇచ్చారు. పుటలు తెరిచాడు. అయితే అన్నిటినీ తన మెయిల్‌తో, తన ఫోను నంబరుతో తెరిచాడు. కొన్నాళ్లకు ఆ నంబరు మ్రోగడం మానేసింది. వినియోగదారులు చేసే ఫోన్లన్నీ ఆ మూగ నంబరుకే పోయాయి. ఇందాక చెప్పిన దర్జీ మాస్టరు కూడా ఆ పదకొండు మందిలో ఒకరు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ తర్వాత డిగ్రీ చదువుతున్న నా మనుమరాలి సాయంతో ఒక్కొక్క దుకాణానికి కూర్చున్నాం. ఇతరుల చేతిలో ఉన్న పుటను అసలు యజమాని అడిగి తీసుకునేందుకు అభ్యర్థన పంపే పద్ధతి ఉంది. దుకాణం మీదేనని రుజువు చేయాలి. అందుకు తరచుగా వీడియో అడుగుతారు. వీధి, బోర్డు, లోపలి సరుకు, మీరే తాళం తీయడం లేదా గల్లాపెట్టె తెరవడం అందులో కనిపించాలి. ఏడు దుకాణాలు యజమానుల చేతికి వచ్చాయి. నాలుగింటి కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం. అందుకే గట్టిగా చెబుతున్నాను. పుట మీ మెయిల్‌తో, మీ ఫోనుతో, మీ పేరుతోనే ఉండాలి. కొడుకో, అల్లుడో సాయం చేస్తే అతణ్ణి నిర్వాహకుడిగా చేర్చండి. యజమాని స్థానం మాత్రం వదలకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మొదటి స్థానానికి హామీ ఇస్తానన్నవాడు అబద్ధమాడుతున్నాడని తెలుసుకోండి. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే ప్రకటించింది. డబ్బు చెల్లించి పెట్టే ప్రకటనలు వేరు, వాటి మీద ఆ సంగతి వ్రాసే ఉంటుంది. సొమ్ము పోగొట్టుకున్నవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. నాకప్పుడు ఆ సంగతి తోచలేదు.

ఇక రివ్యూల మాట. కొందరు తమ్ముళ్లు, “బంధువులందరి చేత అయిదేసి నక్షత్రాలు వేయిద్దాం, రివ్యూ వ్రాసినవారికి బిల్లులో తగ్గిద్దాం” అంటున్నారు. ఈ రెండూ ఆ సంస్థ నిబంధనలకు విరుద్ధమే. అంతకన్నా ముందు మన ధర్మానికి విరుద్ధం. తడిసిన ధాన్యాన్ని అడుగున పెట్టి, పొడి ధాన్యాన్ని పైన పరిచిన వర్తకుణ్ణి మహాప్రవక్త (సఅసం) మందలించిన సంగతి మనమందరం ఖుత్బాలలో విన్నదే. లేని మెచ్చుకోలును పైన పరచడం కూడా అటువంటిదే. పని చేయించుకుని సంతోషంగా వెళుతున్నవారిని, “మీకు తోచింది వ్రాయండి” అని అడగండి. అందులో తప్పు లేదు. కోపంగా వ్రాసినవారికి మర్యాదగా జవాబివ్వండి. తప్పు మీదైతే ఒప్పుకోండి. ఆ జవాబును రేపు మరొకరు చదువుతారు.

చివరిగా, బేకరీ నడిపే ఒక సోదరుని కొడుకు నన్నడిగిన ప్రశ్న. “చాచా, బహిష్కరించమని సోషల్ మీడియాలో పిలుపులు వస్తున్న రోజులివి. మన పేరును మనమే మ్యాపులో పెట్టుకుంటే మేలా, కీడా?” ఈ భయాన్ని నేను కొట్టిపారవేయను. ఉత్తరాదిన కాఁవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు ప్రదర్శించాలన్న ఆదేశాలు వచ్చినప్పుడు, 2024 జూలై 22న సుప్రీంకోర్టు వాటిని తాత్కాలికంగా నిలిపివేసింది. ఏ రకమైన ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గాని యజమానుల, పనివారల పేర్లు ప్రదర్శించమని బలవంతం చేయరాదని చెప్పింది. పేరు చెప్పమని ఒకరు బలవంతపెట్టడం వేరు, నా పేరును నేను తలెత్తుకుని వ్రాసుకోవడం వేరు. మొదటిది అవమానం, రెండవది హక్కు. ఏ వృత్తి అయినా, వ్యాపారమైనా చేసుకునే హక్కును రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం మనకు ఇచ్చింది.

పేరు చూసి రాకుండా పోయేవారు కొందరుంటారు. లేరని నేను అబద్ధం చెప్పను. కాని రాత్రి తొమ్మిదింటికి బండి ఆగిపోయినవాడు వెతికేది మెకానిక్కును, మతాన్ని కాదు. వాడికి మనం కనిపించకపోతే నష్టం తప్పదు. కనిపించి, మంచి పని చేసి పంపితే వాడే మన గురించి నాలుగు మాటలు వ్రాస్తాడు. ఒకవేళ ఎవరైనా ద్వేషంతో దూషణలు వ్రాసినా, దుకాణానికి రానివారు గుంపుగా ఒక్కొక్క నక్షత్రం వేసినా, తిరిగి తిట్టకండి. వాటిని ఫోటో తీసి భద్రపరచి, నిబంధనల ఉల్లంఘన క్రింద ఫిర్యాదు చేయండి. బెదిరింపు ఉంటే పోలీసు స్టేషనుకు వ్రాతపూర్వకంగా ఇవ్వండి. చూసేవారు లేని పుట మీదనే దూషణ నిలిచిపోతుంది. కనుక వారానికొకసారైనా మీ పుటను తెరిచి చూసుకోండి.

కార్యకర్తలకు నా విన్నపం ఇది. ప్రతి నెలా ఒక వీధి తీసుకోండి. మస్జిద్ కమిటీ అనుమతితో జుమా తర్వాత ఒక బల్ల వేయండి. చదువుకున్న మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరేసి కూర్చుని, ఒక్కొక్క దుకాణం పేరు, వర్గం, వేళలు, ఫోను వ్రాసుకుని, యజమాని ఫోనులోనే పుట తెరవాలి. పాస్‌వర్డ్‌ను మాత్రం మీ పుస్తకంలో వ్రాయకండి. అది యజమాని సొత్తు. వీధిలోని ముస్లిమేతర సోదరుల దుకాణాలు కూడా వదలకండి. పొరుగువారి హక్కు ధర్మం మనకు విధించినదే.

దివ్య ఖురాన్‌లోని అతి పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్, అప్పు లావాదేవీలను వ్రాసి ఉంచుకోవడం గురించినదే. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలన్న ఆజ్ఞ కూడా అందులో ఉంది. గుమాస్తాగా బ్రతికిన నాకు అది ఎప్పుడూ ధైర్యాన్నిచ్చిన ఆయత్. మన చిరునామా మనమే వ్రాసుకుందాం. న్యాయంగా వ్రాసుకుందాం.

దర్జీ మాస్టరు పుట ఆయన చేతికి వచ్చిన ఏడింటిలో ఒకటి. మొన్న ఎవరో తెలియని వ్యక్తి ఫోను చేసి, “మాస్టరుగారూ, ఎంతవరకు తెరిచి ఉంటారు?” అని అడిగారట. ఆ సంగతి చెప్పడానికి ఆయన మా ఇంటి దాకా నడిచి వచ్చాడు.

అల్లాహ్ మన హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.