గోదావరి మీద రాత్రి మజిలీ

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పాపికొండల ప్రయాణం మాట ఇంట్లో రాగానే మగవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడే మూడు. టిక్కెట్టెంత? లాంచీ ఎన్నింటికి? భోజనంలోకి ఏం పెడతారు? పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణానికి ఈ మూడూ చాలు. కాని ఒక రాత్రి నది మీద గడపాలనుకున్నప్పుడు నాలుగో ప్రశ్న ఒకటి ఉంది. రాత్రికి లాంచీని ఏ ఒడ్డున కడతారు? డబ్బు కట్టకముందే ఈ మాట అడగవలసింది మనమే. దాని మంచిచెడ్డలు అనుభవించేదీ మనమే కదా!

కొంచెం మొహమాటం విడిచి చెబుతాను, మరోలా అనుకోకండి. మగవాళ్ళకు ఏ గట్టయినా ఒకటే. చీకట్లో నాలుగడుగులు అటు వేసి వస్తారు. ఆడవాళ్ళ సంగతి అలా కాదు. చాటు కావాలి, కాస్త వెలుతురు కావాలి, కాలు జారని నేల కావాలి, తోడు కావాలి. ఇవి దొరకవేమోనని అనుమానం వస్తే మనం చేసేదేమిటి? మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తాం. చుట్టూ గోదారమ్మ నిండుగా పారుతూ ఉంటుంది, మన గొంతు మాత్రం ఎండుతూ ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం మేము నాలుగు కుటుంబాలవాళ్ళం కలిసి వెళ్ళాం. లాంచీ ఆలస్యంగా బయలుదేరింది. దారిలో ఫొటోలకని పదిచోట్ల ఆగింది. కొండల మధ్య పొద్దు తొందరగా వాలిపోతుంది. మైదానంలో ఇంకా ఎండ కాస్తూ ఉండే వేళకే అక్కడ నీడలు పరుచుకుంటాయి. చివరికి చీకట్లో దొరికిన ఒడ్డుకు తెచ్చి కట్టేశారు. నిటారుగా కోసుకుపోయిన మట్టిగట్టు అది. దిగడానికి ఒకే ఒక్క పలక, అదీ తడిసి జారుతోంది. మా అత్తగారికి అప్పటికే డెబ్బయ్యేళ్ళు. ఆవిడ దిగలేకపోయారు. దిగలేనని నీళ్ళూ పుచ్చుకోలేదు, అన్నమూ ముట్టలేదు. "నాకు ఆకలిగా లేదు, మీరు తినండే అమ్మాయ్" అంటూ తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. తెల్లవారేసరికి జ్వరం, ఒంట్లో మంట. ఇంటికి వచ్చాక వారం రోజులు డాక్టరుగారి మందులు వాడవలసి వచ్చింది.

చిత్రమేమిటంటే, రెండేళ్ళు తిరక్కుండానే ఆవిడే మళ్ళీ, "నన్ను ఇంకోసారి పేరంటాలపల్లి తీసుకెళ్ళవే. ఈసారి ఒడ్డు సంగతి నువ్వు చూడు" అన్నారు.

అదుగో, అప్పటినుంచి నాకు ఈ ఒడ్ల మీద ధ్యాస పట్టుకుంది. రెండోసారి మా లాంచీకి సరంగుగా వచ్చినాయన బాగా పెద్దవారు. చిన్నప్పటినుంచీ గోదావరి మీదే బతికిన మనిషి. ఆయన పక్కన కూర్చుని నేను అడిగి తెలుసుకున్నవే ఇవాళ మీకు చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు చూడవలసింది వేళ. నాలుగు గంటలకు చోటు వెతకడం మొదలుపెట్టాలి, అయిదు లోపల మోకులు కట్టేయాలి. "ఇంకా వెలుతురుంది కదా, ఇంకో మలుపు దాకా పోనివ్వండి" అని ప్రయాణీకులే తొందరపెడుతూ ఉంటారు. మా సరంగుగారు ఎవరెంత చెప్పినా వినలేదు. "చోటు కళ్ళకు కనిపిస్తున్నప్పుడే చూసుకోవాలమ్మా. చీకటి పడ్డాక దొరికేది చోటు కాదు, గట్టు మాత్రమే" అన్నారు. వేసవిలో అయితే ఈ వేళ సంగతి మరీ ముఖ్యం. ఆ రోజుల్లో సాయంకాలాలు ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. రెండు కొండల నడుమ పడి వచ్చే గాలికి లాంచీ నిలవడం కష్టం. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నది సాయంత్రంపూట లేచిన అలాంటి గాలికే. మబ్బు కమ్ముకొస్తుంటే, అనుకున్న మజిలీ ఇంకా దూరం ఉన్నా సరే, దగ్గరి ఒడ్డుకు చేర్చి ఆపేసే సరంగే మంచి సరంగు. అతనిమీద విసుక్కోకండి. పక్కవాళ్ళు విసుక్కుంటే మనం అతని పక్షాన ఒక మాట అనాలి.

ఇక ఒడ్డు. నది వంపు తిరిగేచోట రెండు ఒడ్లూ ఒకలాగ ఉండవు. వంపుకు బయటివైపు నీరు జోరుగా పోయి గట్టును కోస్తుంది. అక్కడ లోతు ఎక్కువ, గట్టు కింద నీరు తొలిచేసి ఉంటుంది. పైనుంచి చూస్తే గట్టిగానే కనిపిస్తుంది, మనిషి అంచున నిలబడితే పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపడవచ్చు. వంపు లోపలివైపు నీరు నెమ్మది, ఇసుక మేట వేస్తుంది. మనలాంటివాళ్ళకు, పిల్లలకు, పెద్దలకు కావలసింది ఆ ఇసుక ఒడ్డే. అయితే అక్కడా ఒక చిక్కుంది. మరీ మెరకలో కడితే, రాత్రి నీరు కొంచెం తగ్గినా పొద్దున్నకు లాంచీ ఇసుకలో కూరుకుపోతుంది. అందుకని కళాసీ గెడ వేసి లోతు చూసుకుంటూ వస్తాడు. గెడ వేయకుండా ఒడ్డుకు దూసుకొచ్చే లాంచీ మీద నాకు నమ్మకం లేదు.

వాగు వచ్చి గోదావరిలో కలిసే మూల చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గాలి తగలదు, నీరు నిలకడగా ఉంటుంది. అక్కడ మాత్రం రాత్రి కట్టకూడదు. ఎండిన వాగులో పక్కలు అసలే పరవకూడదు. పైన కొండ మీద వాన పడితే మనకు చినుకు తగలకుండానే వాగు వచ్చి మీద పడుతుంది.

గోదావరి సంగతీ అంతే. ఎక్కడో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసే నది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి లాంటి పెద్ద నదులను కలుపుకుని వస్తుంది. కాబట్టి మన తలమీద నక్షత్రాలు మెరుస్తున్నా, పైన కురిసిన వానకు మన దగ్గర నీరు పెరగవచ్చు. భద్రాచలం దగ్గర 43 అడుగులు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి దాదాపు యాభైమందిని పొట్టన పెట్టుకున్నది పట్టపగలే, కాని నది వరదమీద ఉన్న రోజుల్లో. జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ ప్రయాణం తలపెట్టకపోవడం ఉత్తమం. కార్తీకం దాటాక, శివరాత్రి లోపల అయితే నీరు నిలకడ మీద ఉంటుంది.

మంచి రోజుల్లోనూ మా సరంగుగారు ఒక పని చేశారు. లాంచీ కట్టగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చారు. పడుకోబోయేముందు టార్చిలైటు వేసి చూశారు, అర్ధరాత్రి లేచి మళ్ళీ చూశారు. పుల్ల నీళ్ళలోకి వెళితే నది పెరుగుతున్నట్టు, పుల్లకూ నీటికీ మధ్య తడి ఇసుక కనిపిస్తే తగ్గుతున్నట్టు. ఇంత చిన్న పనిలో ఎంత తెలివి ఉందో చూడండి! మా పిల్లలకు అదొక ఆటైపోయింది. మోకులు కూడా ముందు ఒకటి, వెనక ఒకటి, రెండూ ఒడ్డుమీది బతికున్న చెట్లకు కట్టారు. ఎండు చెట్టు కింద కట్టనివ్వలేదు, కొమ్మ విరిగిపడుతుందని. మరీ బిగించి కట్టడమూ పనికిరాదట. నీరు పెరిగినా తగ్గినా లాంచీ దానితోపాటు కదలడానికి కాస్త వదులు ఉండాలి.

ఇంతకూ ఆ రాత్రి మజిలీలు ఎక్కడ? ఇది కొంచెం జాగ్రత్తగా చెప్పవలసిన మాట. రాజమండ్రి రేవులో ఎక్కి తిన్నగా భద్రాచలం దాకా లాంచీలో వెళ్ళడం పాతకాలపు సంగతి. 1973లో వచ్చిన 'అందాల రాముడు' సినిమా కథ చాలామటుకు ఆ ప్రయాణమే. కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి గడిపినవాళ్ళు మీలోనూ ఉండవచ్చు. పోలవరం ప్రాజెక్టు పనులతో నది నడకే మారిపోయింది. 2021లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఎగువన దేవీపట్నంలాంటి ఊళ్ళే ముంపులోకి వెళ్ళాయి. అందువల్ల "పదేళ్ళ కిందట మా ఆడపడుచు ఫలానా తిన్నె మీద పడుకుంది" అన్న మాట పట్టుకుని ప్రయాణం కట్టకండి. గండిపోచమ్మ గుడి వైపునుంచి ఎక్కినా, భద్రాచలం వైపు పోచవరంలో ఎక్కినా, ఈ ఏడాది రాత్రి మజిలీకి అనుమతి ఉందా, ఉంటే ఎక్కడ అని రేవులో అడగండి. కచ్చులూరు ప్రమాదం తరువాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. లాంచీవాళ్ళ మాట ఒక్కటే నమ్మకుండా అక్కడ కూడా విచారించడానికి సంకోచించవద్దు. కొండల మధ్య సెల్‌ఫోనులు పలకవు కనుక, మీరు ఏ ఒడ్డున పడుకుంటారో ఇంట్లో ఉండేవాళ్ళకు ముందుగానే చెప్పి వెళ్ళండి.

ఇప్పుడు మన పని. లాంచీ కట్టగానే కాఫీలకు హడావిడి పడకుండా, వెలుతురు ఉండగానే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దిగి చోటు చూసుకోవాలి. ఇంటినుంచి రెండు పాత దుప్పట్లు, చిన్న తాడు తీసుకెళ్ళండి. నీటికి దూరంగా, మెరక మీద, నాలుగు కర్రలు పాతి చాటు కట్టించడం కళాసీలకు పది నిముషాల పని. అడగడానికే మనకు సిగ్గు! దారి పొడుగునా చీపురుపుల్లో కర్రో వేసి తట్టి చూడాలి, ఆకులు రాలినచోట పురుగూ పుట్రా ఉంటుంది. పక్కనే ఒక లాంతరు తెల్లవార్లూ వెలగాలి. పెద్దవాళ్ళున్నవారు మడత కుర్చీలాంటి కమోడ్ కుర్చీ మోసుకెళ్ళినా తప్పులేదు. మా అత్తగారి కోసం మేము తీసుకెళ్తే మొదట నవ్వినవాళ్ళే రాత్రికి వచ్చి అరువడిగారు.

పలక సంగతి మరచిపోకండి. ఒకటి కాదు, రెండు పలకలు పక్కపక్కన వేయించండి. మా కళాసీలు ఇద్దరు పొడుగాటి వెదురుగడ ఒకటి తీసుకుని, లాంచీలో ఒకడూ ఒడ్డున ఒకడూ చెరో కొస పట్టుకున్నారు. అది పట్టుకుని మా అత్తగారు చిన్నపిల్లలా దిగి వచ్చారు. ఆ రాత్రి ఇసుకలో కూర్చుని పెరుగన్నం తిని, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగారు. నాకు పాపికొండలకన్నా ఆ రెండు గ్లాసులే ఎక్కువ సంతోషమనిపించాయి.

ఈ మధ్య మనవాళ్ళు కేరళ హౌస్‌బోట్లకూ ఎక్కువగా వెళుతున్నారు కనుక ఆ ముక్క కూడా చెబుతాను. అక్కడ మరుగుదొడ్డి బోటులోనే ఉంటుంది, ఆ బాధ లేదు. చేపలవాళ్ళు వలలు వేసుకునే వేళని సాయంత్రం అయిదున్నరకల్లా బోట్లు ఆపేస్తారు. ఆపేది ఎక్కడన్నదే ప్రశ్న. ఆలప్పుళ దగ్గర పున్నమడలో బోటు పక్కన బోటు వరసగా కట్టేస్తే, పక్కవాళ్ళ జనరేటరు రొదా పొగా మనకే. కైనకరిలాంటి ఊళ్ళవైపు పొలంగట్టుకు కడతారా అని ముందే అడిగి మాట తీసుకోండి. అయితే కుట్టనాడు పొలాలు సముద్రమట్టానికి కిందుగా ఉంటాయి. గట్టుకు ఒకవైపు కాలువ, రెండోవైపు పల్లపు మడి. చీకట్లో చిన్నపిల్లలను ఆ గట్టుమీద ఒంటరిగా వదలకూడదు.

తిరిగి మన గోదావరికి వస్తే, చలికాలం పొద్దున్నే నది మీద మంచు దట్టంగా ఉంటుంది. అవతలి ఒడ్డు కనిపించేదాకా సరంగు కదలడు, తొందరపెట్టవద్దు. కాని అలా ఆగినప్పుడు ఒకటి గమనించాలి. ఊరికి దగ్గరలో కట్టుకోవడం మంచిదే, రాత్రివేళ ఏ అవసరం వచ్చినా మనిషి సాయం ఉంటుంది. అయితే ఊరివాళ్ళు నీళ్ళకు వచ్చే రేవులోనే కట్టకూడదు. కొండరెడ్ల ఆడవాళ్ళు తెల్లవారగానే బిందెలతో అక్కడికే వస్తారు, స్నానాలూ అక్కడే. లాంచీనిండా కొత్త మగవాళ్ళు పళ్ళు తోముకుంటూ నిలబడి ఉంటే వాళ్ళెలా దిగుతారు? మేము కట్టిన చోటుకు పైన, వంద గజాల దూరంలో వాళ్ళ రేవుంది. మంచు విడేలోగా మా అత్తగారు, నేను అటు నడిచి వెళ్ళాం. ఒకావిడ బిందె దించి, "రాత్రి ఇక్కడే పడుకున్నారా? చలేసిందా?" అని అడిగింది. మా అత్తగారు ఆవిడ పక్కన రాతిమీద చతికిలబడ్డారు. సరంగు హారన్ కొట్టేదాకా ఇద్దరూ కబుర్లాడుకుంటూనే ఉన్నారు.