వాన వేళ చేప యేల మేయును?



నీటిని నమ్ముకొని బ్రదుకు మనవారి సభలో చేపను గూర్చి యుపన్యసించుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును. అయినను ఆహ్వానసంఘమువారి మాటను త్రోసివేయజాలక నిలుచుచున్నాను. వాన కురియునపుడు చేప గాలమునకు తఱచుగా తగులునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట యబద్ధము కాదు. కాని యే నీటిలో, ఏ చేపకు, ఎట్టి వానలో నిది నిజమో విచారింపక, వాన వచ్చినంతనే చేపకు ఆకలి హెచ్చునని యంతటను నమ్మినవారు, ముఖ్యముగా చెఱువులలో చేపలు పెంచువారు, ఒక్క తెల్లవాఱుజామున ఏడాది కష్టమును పోగొట్టుకొనుచున్నారు. అందుచేతనే యీ విషయము నెన్నుకొంటిని.

ముందుగా ఏటి సంగతి చూతము. వేసవి చివర మడుగులలోని నీరు కాగిపోవును. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండగల ప్రాణవాయువు తగ్గును. 25 డిగ్రీల వేడి గల మంచినీరు గాలినుండి లీటరునకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును గ్రహించి యుంచుకొనగా, 35 డిగ్రీల నీరు సుమారు 7 మిల్లీగ్రాములను మాత్రమే యుంచుకొనగలదు. మఱియొక వంక, వేడివలన చేప యొంటికి కావలసిన ప్రాణవాయువు పెరుగును. ఆదాయము తగ్గి వ్యయము హెచ్చిన సంసారమువంటిది దాని స్థితి. అట్టి చేప లోతున నీడను వెదకి పడియుండును గాని మేతకై తిరుగదు. అంతలో తొలకరి జల్లు పడును. పైనీరు చల్లబడును, చినుకుల తాకిడికిని ప్రవాహపు సుడులకును గాలి నీటిలో కలియును. చేప కదలును.

కదలిన చేపకు విందు సిద్ధముగా నుండును. గట్టులనుండి వానపాములు, చీమలు, పురుగులు కొట్టుకొని వచ్చును. తొలివానకు పుట్టలనుండి వెడలిన ఉసుళ్లు ఱెక్కలు తడిసి నీటిపై రాలును. వాగు వచ్చి యేటిలో కలియుచోట క్రొత్తనీటికిని పాతనీటికిని నడుమ నొక గీత కనబడును గదా! చేపలు ఆ గీతకు తేటవైపున కాచుకొని యుండును. మన ముసలివారు గాలము నక్కడనే వేయుదురు. ఎవరును వారికి శాస్త్రము చదివి చెప్పలేదు.

వెలుతురు మాటయు కలదు. మబ్బు క్రమ్మి, చినుకులతో నీటిపొర కలత జెందినపుడు, గట్టుమీది మనిషి చేపకు కానరాడు. చేపయు కొంగకును లకుముకిపిట్టకును కానరాదు. కావున భయము విడిచి యొడ్డునకు వచ్చును. వాలుగ, జెల్ల మొదలగునవి రేయి వేటాడునవి గనుక మబ్బుపగలు వానికి సగము రాత్రి. జెల్లకు మీసములయందే రుచి తెలియును. బురదనీట గూడ ఎరను పోల్చుకొనును. కొర్రమీను చూపు ననుసరించి వేటాడును గనుక నీరు మిక్కిలి చిక్కబడినచో దానికి గాలము వేయుట వ్యర్థము. ఎఱ్ఱనీరు ముంచుకొని వచ్చునపుడు చేపలన్నియు ఒడ్డువార నొదిగి ప్రాణము కాపాడుకొనును. అప్పుడు మేత మాటయే లేదు. వాన యనగా జల్లు, ముసురు, వఱద పిదప నీరు తేరు దినములు, కుంభవృష్టి కాదు. ఉఱుము వినబడుచుండగా గడకఱ్ఱ నెత్తి గట్టుపై నిలుచువారికి మాత్రము, చేప రేపు కూడ దొరకునని చెప్పవలసియున్నది.

గాలి యొత్తిడి తగ్గుటచేతనే చేప మేయునని కొందఱు వాదింతురు. చేప కడుపులో గాలితిత్తి యున్న మాట నిజమే. కాని మామూలు వానకు తగ్గు నొత్తిడి కొలది మిల్లీబారులు. ఒక మిల్లీబారు ఒక సెంటీమీటరు లోతు నీటి బరువునకు సమానము. చేప జానెడు పైకి వచ్చినచో అంతకంటె నెక్కువ మార్పును పొందును. ఇంత స్వల్పమైన కారణమునకు అంత ఘనత నీయుట నాకు సమంజసముగా తోచదు.

వాన వేళ చేపలు వలలో విరివిగా పడుట వేఱు, మేయుట వేఱు. సముద్రమున ఇలసయై, వఱదకు గోదావరిలో నెదురెక్కి పులసయగు చేప గ్రుడ్లు పెట్టుటకై వచ్చునది గాని మేతకై కాదు. దానిని వలతో పట్టుదురు. శీలావతి, బొచ్చె మొదలైనవియు వఱదనీటిలోనే ఈనును. నిలిచిన చెఱువులో నీనవు. 1957వ సంవత్సరమున హీరాలాల్ చౌధురిగారు పిట్యూటరీ గ్రంథిరసము నెక్కించి చేపల నీనజేసిన పిదపనే ఆ చిక్కు తీరినది. ఎదురెక్కు తల్లిచేప యొక్కటి లక్షకు మించిన గ్రుడ్లను మోయుచుండును. కాలువ మొగను అడ్డుకట్టి దానిని పట్టువాడు రాబోవు సంవత్సరపు వలను తానే కోసికొనుచున్నాడు.

ఇక చెఱువు సంగతి. కొల్లేటి చుట్టుపట్ల తవుడును నూనెచెక్కయు రంధ్రములు గల సంచులలో నింపి, నీట పాతిన కొయ్యలకు కట్టి చేపలకు మేపుట మీరెఱిగినదే. చెఱువునీటిని పచ్చగా చేయు సూక్ష్మమైన నాచు పగటియెండలో ప్రాణవాయువును పుట్టించును. రాత్రి తానును దానిని పీల్చును. కావున తెల్లవాఱుజామున ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. ముసురు రెండు మూడు దినములు పట్టినచో పుట్టునది తగ్గును, ఖర్చు తగ్గదు. పైగా చల్లని వాననీరు క్రిందికి దిగి, అడుగునున్న ప్రాణవాయువు లేని కుళ్లునీటిని పైకి కలపివేయును. ఏటిలో చేపకు ప్రాణము పోసిన వానయే యిచట ఉరియగును. ఆ వేళ "వాన గదా, బాగుగా మేయును" అని సంచులు కట్టినచో, చేప తినదు. మిగిలిన మేత కుళ్లి యున్న ప్రాణవాయువును గూడ హరించును. ప్రాణవాయువు లీటరునకు 3 మిల్లీగ్రాములకు తగ్గినపుడే చేప బాధపడును.

గుఱుతులు గలవు. వేకువను చేపలు నోళ్లు పైకెత్తి గాలి త్రాగును. నీరు వచ్చు తూమువద్ద గుమిగూడును. నత్తలు కొయ్యల కెక్కును. అపుడు మేత నాపి, క్రొత్తనీటిని పైనుండి చిమ్మునట్లు ఎక్కింపవలెను; నీటిని చిలుకు చక్రములున్నచో అర్ధరాత్రినుండియే త్రిప్పవలెను. మందులకై అంగడికి పరుగిడుట తరువాతి పని. చెఱువున కొర్రమీను, మార్పు లున్నచో నవి పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలవు గనుక నిశ్చింతగా తిరుగుచుండును. వానిని చూచి బొచ్చెలును శీలావతులును క్షేమముగా నున్నవని తలపరాదు. ముందుగా తేలునవి పెద్దచేపలే.