విరిగిన స్టడ్డును దాచవద్దు

ఈ ఉదయం ఒక చిన్న ఇనుప ముక్కను గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను.

లారీ ఇంజను హెడ్డుకు, పొగ బయటికి పోయే మానిఫోల్డును పట్టి ఉంచేవి కొన్ని స్టడ్డులు. చూడటానికి వేలంత ఉంటాయి. కాని అవి మోసే శ్రమ ఎంతో తెలుసా? లోడుతో ఘాటు ఎక్కే డీజిల్ ఇంజనులో పొగ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. హెడ్డును నీళ్లు చల్లబరుస్తాయి. మానిఫోల్డుకు ఆ చల్లదనం లేదు. అది వేడికి సాగుతుంది, ఇంజను ఆపితే ముడుచుకుంటుంది. రోజూ ఇదే లాగులాట. అందుకే తరచుగా చివరి స్టడ్డులే ముందు విరుగుతాయి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజులవి. తుప్పు పట్టిన నట్టుకు పానా వేసి, పానాకు పైపు తగిలించి, బలమంతా పెట్టి తిప్పాను. స్టడ్డు టక్కున విరిగింది. భయపడి, ఆ సందులో పేస్టు నింపి, ఎవరికీ చెప్పక మూసేశాను.

కొన్నాళ్లకు ఆ బండి తిరిగి వచ్చింది. పొద్దున్నే ఇంజను వేస్తే టిక్ టిక్ అని చప్పుడు, వేడెక్కాక తగ్గుతోంది. ప్యాకింగు పక్కన నల్లని మసి. క్యాబిన్‌లో పొగ, తలనొప్పి అన్నాడు డ్రైవరు. మా మేస్త్రి నన్ను తిట్టలేదు. "విరగడం తప్పు కాదురా, దాచడం తప్పు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కూడా ఉంటుంది. క్యాబిన్‌లో పడుకునేవాడు ఏమవుతాడు?" అన్నాడు. ఆ మాటకు నా తల దిగిపోయింది.

తరువాత ఆయన ఎలా చేశాడో వినండి. ముందు బ్యాటరీ తీగలు విప్పాడు. పైకి మిగిలిన మొనపై నట్టు పెట్టి, నట్టు లోపల వెల్డింగ్ చేశాడు. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది. చల్లారనిచ్చి, నూనె వేసి, కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పాడు. బలంతో కాదు, ఓర్పుతో. లోపలికే విరిగితే సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, సన్న డ్రిల్లుతో మొదలుపెట్టాలి. పక్కకు జరిగితే హెడ్డు మరలే పోతాయి.

మరలు ట్యాపుతో శుభ్రం చేశాక, మానిఫోల్డు వంగిందేమో స్కేలు పెట్టి చూశాడు. వంగినదాన్ని అలాగే బిగిస్తే కొత్త స్టడ్డు కూడా విరుగుతుంది. కొత్త ప్యాకింగు వేసి, నడుమ నుండి చివరలకు, విడతలు విడతలుగా, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాడు.

ప్రియులారా, మీ చేతిలో ఈ రోజు ఏదైనా విరిగిందా? పేస్టు పూయవద్దు. బండి యజమానితో ఇప్పుడే చెప్పండి. ఒక పూట మాట పడవచ్చు. కాని ఆ బండిలో పడుకునే మనిషి క్షేమంగా ఇల్లు చేరుతాడు. సెలవు.