బండికి శీల, ఒంటికి బి-విటమిను



బండి శీల ఎంతుంటుంది? బెత్తెడు ఇనుప ముక్క. అది ఊడిందా, ఎడ్లు ఎంత బలమైనవైనా చక్రం జారి బండి కూలబడుతుంది. మన ఒంట్లో బి-విటమినులు చేసే పనీ అటువంటిదే. అన్నంలోని పిండిపదార్థాన్ని శక్తిగా మార్చేవి ఎంజైములు. వాటిలో కొన్నిటికి బి-1 విటమిను, అనగా థయామిన్, తోడు లేనిదే పని సాగదు. రోజుకు ఒక మిల్లీగ్రాముకు కాస్త పైన చాలు. కాని ఒంట్లో దాని నిలవ రెండు మూడు వారాలకు మించదు.

ఈ విటమిను బియ్యపు గింజ పైపొరలోను, అంకురంలోను ఉంటుంది. మరలో తెల్లగా పట్టించారా, తవుడుతో అది గేదె పాలయింది. మిగిలిన కాస్తా కడుగు నీళ్లలో, గంజిలో పోతుంది. పూర్వం మన సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి కనిపించింది ఇందువల్లనే. ఉప్పుడు బియ్యం తినేచోట అది అరుదు. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు విటమిను గింజలోనికి దిగుతుంది మరి!

అమ్మలారా, ఒక్క మాట. పథ్యమని బాలింతకు పప్పు మాన్పించి వట్టి తెల్లన్నం పెట్టకండి. తల్లికి థయామిన్ చాలకపోతే పాలలోనూ చాలదు. చంటిబిడ్డ పాలు తాగక, ఏడుపు బొంగురుపోయి, ఆయాసపడుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. బెరిబెరి అయితే థయామిన్ సూదిమందుతో కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది; ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

కనుక బియ్యం ఒక పట్టు తక్కువే పట్టించండి. గంజి వార్చక అత్తెసరు పెట్టండి. పప్పు, వేరుశెనగ రోజూ తినండి.