వేట ప్రయాణము: నాడు, నేడు
(బిలాస్‌పూరు తెలుగు సంఘ సభలో చేసిన ఉపన్యాసము)



శీతకాలపు సెలవులలో అడవికి పోవలెనని మన యువకులు కొందరు సంకల్పించి, “పూర్వము పెద్దలు వేటకు ఎట్లు పోవుచుండిరి? అందులకు ఎట్టి ఏర్పాట్లు చేసికొనుచుండిరి?” అని నన్నడిగిరి. కార్యదర్శిగారు ఆ ప్రశ్ననే నేటి ప్రసంగవిషయముగా నిర్ణయించిరి. నేను వేటకాడను గాను. పెద్దలవలన విన్నదియు, గ్రంథములందు చదివినదియు మాత్రమే మనవి చేసెదను.

వేట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. కావ్యవర్ణనలను చెప్పుచు మృగయను గూడ పెద్దలు పేర్కొనుచుందురు. పెద్దన స్వరోచి వేటను, ధూర్జటి తిన్నని వేటను వర్ణించిరి. అయినను మన పూర్వులే వేటను సప్తవ్యసనములలో చేర్చిరి. దశరథుడు శబ్దమును బట్టి బాణము వేసి మునికుమారుని చంపినాడు. పాండురాజు మృగరూపమున నున్న మునిని కొట్టి శాపగ్రస్తుడైనాడు. విచారింపక వేసిన బాణము తుదకు వేసినవానినే బాధించునని ఆ కథల భావము.

ఇక మన ప్రాంతమునకు వచ్చెదను. బిలాస్‌పూరునకు ఉత్తరమున మైకల పర్వతములు కలవు. వానిని కప్పియున్నవి సాలవనములు. 1871లో వెలువడిన ఫోర్సైత్ దొర గ్రంథములో ఈ మధ్యభారతపు అడవుల వర్ణన కలదు. అప్పటికి ఇచట రైలు లేదు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడి, 1891 నాటికి నాగపూరు నుండి అసన్‌సోల్ వరకు మార్గము పూర్తియైనది. ఉత్తరమున కట్నీకి పోవు మార్గము కొండలనెక్కి ఖోంగ్సరా, ఖోడ్రీ, పెండ్రారోడ్డు మీదుగ సాగినది. రైలుతో పాటు ఉద్యోగార్థులై మన తెలుగువారును వచ్చిరి. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియైన పిమ్మట ఆ రాకపోకలు మరింత సులభమైనవి. అంతవరకు బయటివారెరుగని పల్లెలకు రైలు దారి చూపినది. ఆ దారిననే తుపాకులును వచ్చినవి.

నాటి వేట ప్రయాణమునకు మొదటి పని అనుమతి. అటవీశాఖవారు రిజర్వు అడవిని వేట బ్లాకులుగా విభజించి, ఒక్కొక్క బ్లాకునకు కొద్దిదినముల గడువుతో పర్మిట్టు ఇచ్చుచుండిరి. ఏ మృగమును ఎన్నింటిని కొట్టవచ్చునో అందు వ్రాయబడియుండెను. రెండవది ఋతువు. వానకాలమున వేట తగదు. పులివేటకు వేసవియే మేలు. వాగులెండి, మిగిలిన మడుగుల చెంతకే మృగములు చేరును. మూడవది బస. చిన్న స్టేషనులో దిగి, ఎడ్లబండిపై బియ్యము, పప్పు, హరికేన్ లాంతరు, క్వినైను మాత్రలు వేసికొని అటవీ బంగళాకు చేరవలెను.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ పల్లెవారి సహాయము. అడుగుజాడ చూచి మృగము పోయిన దిక్కును చెప్పగలవారు అచటి బైగాలు, గోండులు. వారు చూపినచోట దున్నపోతు దూడను ఎరగా కట్టి, చెట్టుపై మంచె వేయుదురు. లేదా హాంకా జరుపుదురు. అనగా పల్లెజనము వరుసగా నిలిచి, తప్పెటలు కొట్టి, కేకలు వేసి, మృగమును మంచె వైపునకు తోలుట. తుపాకి గలవాడు పైన సురక్షితముగా నుండును. కఱ్ఱ మాత్రమే గలవాడు క్రింద నడచును. చివరి నియమము మిక్కిలి గొప్పది: గాయపడిన మృగమును విడిచి రాగూడదు. వెదకి దాని బాధను అంతము చేయవలెను. లేనిచో మరునాడు ఆ దారిని పోవు పల్లెవాని ప్రాణమునకు ముప్పు.

ఇట్లు చూడగా ఆ ఏర్పాట్లలో లోపము కనబడదు. కాని రెండు విషయములు ఆ లెక్కలలో చేరలేదు. మొదటిది, ఆ అడవి ఎవరిదను ప్రశ్న. తరతరములుగ విల్లంబులతో జీవించిన బైగాకు అడవిచట్టములు వేటను నిషేధించినవి. దూరమునుండి వచ్చిన అతిథికి పర్మిట్టు ఇచ్చినవి. 1939లో ప్రకటింపబడిన ‘ది బైగా’ అను గ్రంథములో వెరియర్ ఎల్విన్ ఈ జాతి కష్టములను విస్తరించి వ్రాసినాడు.

రెండవది, ఎన్ని కొట్టవచ్చునని అందరును అడిగిరి. ఎన్ని మిగిలియున్నవని అడిగినవారు అరుదు. మనకు ఉత్తరముననున్న సర్గూజా సంస్థానాధిపతి రామానుజశరణ్ సింహదేవ్ కొట్టిన పులులు 1,150 అని ప్రసిద్ధి. ఆ ప్రక్కనే కొరియా సంస్థానము. అనూప్‌పూరు నుండి పోవు శాఖామార్గము మీది బైకుంఠపూరే దాని రాజధాని. 1947లో అచటి మహారాజు రామానుజప్రతాప్ సింహదేవ్ ఒక రాత్రి మూడు చీతాలను కాల్చినాడు. చీతా యనగా మన చిరుతపులి కాదు; మొగలు చక్రవర్తులు జింకలవేటకై పెంచిన వేగవంతమైన మృగము. మన దేశమున నిశ్చయముగ నమోదైన కడపటి చీతాలు అవియేనని చెప్పుదురు. 1952లో ఆ జాతి భారతదేశమున నశించినదని ప్రకటింపబడెను. 2022 సెప్టెంబరు 17న నమీబియా దేశమునుండి ఎనిమిది చీతాలను విమానములో తెచ్చి మధ్యప్రదేశములోని కూనో అడవిలో విడిచిరి. పోగొట్టుకొనుటకు ఒక రాత్రి చాలినది. మరల తెచ్చుకొనుటకు డెబ్బదియైదు సంవత్సరములు పట్టినది.

కావున, యువకులారా, నేడు వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. చంపుటయే కాదు, ఉచ్చు పన్నుట, ఎర పెట్టుట, తోలుట, అందులకై ప్రయత్నించుట సైతము ఆ చట్టమున వేటయే. విందునకు కుందేలు, అడవికోడి తెత్తమని ఎవరైన పిలిచినచో పోవలదు. మనము ప్రభుత్వోద్యోగులము, కేసు నడచినచో ఉద్యోగమునకే ముప్పు, కుటుంబమంతయు దుఃఖపడును.

అట్లని ప్రయాణము మానవలదు. అచానక్‌మార్ మనకు సమీపముననే కలదు. అది 1975లో అభయారణ్యమై, 2009లో పులుల సంరక్షణకేంద్రమైనది. మనియారీ నది ఆ అడవిగుండనే పారుచున్నది. ఏర్పాట్లు పాతవే, తుపాకి మాత్రము విడువుడు. ముందుగ అటవీశాఖ అనుమతి పొందుడు. వానకాలమున ద్వారములు మూయబడును గనుక శీతకాలమునో వేసవినో ఎన్నుకొనుడు. అచటి పల్లెవానినే మార్గదర్శిగ తీసికొని, తగిన ప్రతిఫలమిచ్చి, అతడు చెప్పినది వినుడు. బండి దిగవలదు, పాటలు పెట్టవలదు, తినుబండారముల సంచులు పారవేయవలదు. పులి కనబడకపోవచ్చును. ఇసుకలో దాని అడుగుజాడ కనబడినను, దుప్పుల మంద దాటిపోయినను, అడవిదున్న తలయెత్తి చూచినను ప్రయాణము సఫలమే.

గాయపడిన మృగమును విడువరాదను పాత నియమము మన రైల్వేవారికి నేటికిని వర్తించును. మన బండ్లు రాత్రింబవళ్లు ఆ అడవుల ప్రక్కగా పోవుచున్నవి. మృగములు దాటుచోట వేగమును తగ్గింపవలెనని ఆజ్ఞ యున్నయెడల దానిని పాటించుట, పట్టాల ప్రక్క గాయపడిన జంతువు కనబడినచో వెంటనే తరువాతి స్టేషనునకు తెలుపుట, మన చేతిలోని పని. మన పిల్లలకు మనము చూపదగినది గోడకు తగిలించిన పులితోలు కాదు, అడవిలో నడచుచున్న పులి.